రచ్చ గెలిచి ఇంట ఓడిన సుల్తాను



అక్టోబరు నెల రాగానే మన విచారణల్లో, మన ఇళ్లల్లో జపమాల ప్రార్థన వినిపిస్తుంది. ఆ నెల 7వ తేదీన జపమాల మాత పండుగ జరుపుకుంటాం. 1571లో లెపాంతో దగ్గర జరిగిన సముద్ర యుద్ధంలో లభించిన విజయానికి జ్ఞాపకంగా ఆ పండుగ ఏర్పడిందని మీలో చాలామంది ఎరుగుదురు. ఆనాడు క్రైస్తవ రాజ్యాల ఓడలకు ఎదురు నిలిచింది ఒట్టోమాన్ తురుష్కుల నౌకాదళం. దానిని అంత బలంగా తీర్చిదిద్దిన చక్రవర్తి మాత్రం అప్పటికి ఐదేళ్ల క్రితమే కన్నుమూశాడు. అతడి పేరు సులేమాను. ఈ వారం మీకు చెప్పబోయేది అతడి కథ.

మన శత్రువు కథ మనకెందుకు అని మీరు అడగవచ్చు. ఒక మనిషిని శత్రువు అన్న ఒక్క మాటతో పక్కన పెట్టేస్తే అతడి నుండి మనం నేర్చుకోగలిగింది కూడా పోతుంది. పైగా ఈ సులేమాను సామాన్యుడు కాడు. ఐరోపా వారు అతడిని మహా వైభవశాలి అన్నారు. అతడి సొంత ప్రజలు మాత్రం కానూనీ అన్నారు. అంటే చట్టాన్ని నిలబెట్టినవాడు, న్యాయదాత అని అర్థం. మన కోర్టుల్లో, కచేరీల్లో వినబడే కానూను అన్న మాటే అది. వాషింగ్టన్ నగరంలో అమెరికా ప్రతినిధుల సభలో చరిత్ర ప్రసిద్ధులైన 23 మంది న్యాయకర్తల ముఖాలు పాలరాతిలో చెక్కి పెట్టారు. వారిలో మోషే ప్రవక్త ఉన్నాడు. మూడవ ఇన్నోసెంటు, తొమ్మిదవ గ్రెగోరీ అనే ఇద్దరు పోపుగార్లున్నారు. ఈ సులేమాను కూడా ఉన్నాడు.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు మన పెద్దలు. ఈయన రచ్చ గెలిచాడు. మూడు ఖండాల్లో గెలిచాడు. ఇంట మాత్రం ఓడిపోయాడు. ఎలా ఓడిపోయాడో చూడండి.

సులేమాను 1494 నవంబరు 6న నల్లసముద్రపు ఒడ్డునున్న ట్రెబిజాండులో పుట్టాడు. సులేమాను అంటే మన బైబులు గ్రంథంలోని సొలోమోనే. జ్ఞానానికి, న్యాయానికి పేరుపొందిన రాజు పేరు ఆ బిడ్డకు పెట్టారు. అతడి తండ్రి సెలీము అప్పుడు అక్కడ రాష్ట్రపాలకుడు. తల్లి పేరు హఫ్సా. సెలీము కఠినుడు. 1512లో కన్నతండ్రి రెండవ బయజీదును గద్దె దించి తాను సుల్తాను అయ్యాడు. అడ్డు వచ్చిన అన్నలిద్దరినీ, వారి కొడుకులనూ చంపించాడు. ఎనిమిదేళ్లలో సిరియా, పాలస్తీనా, ఈజిప్టు దేశాలను గెలిచి రాజ్యాన్ని ఎంతో పెంచాడు.

అన్నదమ్ములను చంపించడం సెలీము ఒక్కడి క్రూరత్వం అనుకోకండి. అది ఆ రాజవంశంలో చట్టం. పూర్వం 1402లో తైమూరు చేతిలో ఒక సుల్తాను ఓడి బందీ అయ్యాక, అతడి కొడుకులు రాజ్యం కోసం 11 ఏళ్లపాటు కొట్టుకున్నారు. దేశం వల్లకాడైంది. ఆ భయం ఆ వంశాన్ని వదలలేదు. 1453లో కాన్‌స్టాంటినోపిల్ నగరాన్ని పట్టుకున్న రెండవ మెహమెదు, గద్దె ఎక్కినవాడు లోకక్షేమం కోసం తన సోదరులను చంపించవచ్చునని చట్టంలోనే రాయించాడు. పెద్దకొడుకుకే రాజ్యమన్న నియమం వారికి లేదు. కొడుకుల్లో ఎవడు ముందు రాజధాని చేరితే వాడిదే రాజ్యం. మిగిలినవారికి మిగిలేది సమాధి.

1520 సెప్టెంబరులో సెలీము చనిపోయేనాటికి అతడికి మిగిలిన కొడుకు సులేమాను ఒక్కడే. కనుక 26 ఏళ్లైనా నిండని ఆ యువరాజు ఎవరి రక్తమూ చిందించకుండా పదవ సుల్తానుగా గద్దె ఎక్కాడు. కఠినుడైన తండ్రి పోయాడు, సౌమ్యుడైన కొడుకు వచ్చాడని ఐరోపా రాజులు ఊపిరి పీల్చుకున్నారు. ఆ ఊరట ఒక్క ఏడాది కూడా నిలవలేదు.

1521లో సులేమాను బెల్‌గ్రేడు కోటను పట్టుకున్నాడు. హంగేరీకి అది సింహద్వారం. మరుసటి ఏడాది రోడ్సు ద్వీపం మీదికి వెళ్లాడు. అక్కడ పునీత యోహాను సభకు చెందిన సన్యాస యోధులుండేవారు. యెరూషలేము యాత్రికులకు, రోగులకు సేవ చేయడానికి పుట్టిన సభ అది. తరువాత ఆయుధం పట్టి ద్వీపాలు ఏలుతోంది. కొద్ది వేలమంది రక్షకులు ఆరు నెలలు ఆ మహాసైన్యాన్ని నిలువరించారు. తిండి, మందుగుండు అయిపోయాక క్రిస్మసు రోజుల్లో లొంగిపోయారు. గెలిచినవాడు ఏం చేసినా అడిగేవారు లేని కాలమది. అయినా సులేమాను వారిని గౌరవంగా పోనిచ్చాడు. తమ ఆయుధాలతో, సామానుతో 1523 జనవరి 1న వారు ఓడలెక్కారు. వృద్ధుడైన వారి పెద్ద విల్లియే ద లీలాదాము ఇల్లు విడిచి వెళుతుంటే సుల్తాను బాధపడ్డాడని చెప్పుకుంటారు. ఆ ఓడల్లో జాన్ ద లా వలెట్టు అనే యువ యోధుడు కూడా ఉన్నాడు. ఆ పేరు గుర్తుంచుకోండి.

అదే రోడ్సులో మరొకటి కూడా జరిగింది. సులేమాను తాతగారి తమ్ముడు జెము పూర్వం రాజ్యం కోసం పోరాడి ఓడి ఈ యోధుల శరణు జొచ్చాడు. అతడి కొడుకు మురాదు క్రైస్తవుడై ఆ ద్వీపంలోనే ఉండిపోయాడు. పరాయివారిని క్షమించి పంపిన సులేమాను, రక్త సంబంధీకుడైన ఈ మురాదును మాత్రం పట్టి చంపించాడు. శత్రువుకు దొరికిన దయ చుట్టానికి దొరకలేదు. ఈ మనిషి జీవితానికంతటికీ తాళంచెవి ఇక్కడే ఉంది.

1526 ఆగస్టు 29న హంగేరీలోని మొహాచ్ మైదానంలో యుద్ధం జరిగింది. హంగేరీ రాజు రెండవ లూయీ వయస్సు 20 ఏళ్లు. అతడి సైన్యానికి నాయకత్వం వహించినవారిలో ముఖ్యుడు ఒక అగ్రపీఠాధిపతి, కలోచ నగరపు పాల్ తొమోరి గారు. ఇతర క్రైస్తవ రాజుల సహాయం అందలేదు. రెండు గంటల్లో యుద్ధం ముగిసిపోయింది. తురుష్కుల ఫిరంగుల ముందు హంగేరీ గుర్రపు దళం నిలవలేకపోయింది. ఇద్దరు అగ్రపీఠాధిపతులు, ఐదుగురు పీఠాధిపతులు, వేలాదిమంది సైనికులు నేలకొరిగారు. పారిపోతున్న యువరాజు వాగులో గుర్రం మీదనుంచి పడి మునిగిపోయాడు. ఇప్పటికీ హంగేరీ ప్రజలు పెద్ద కష్టం వస్తే మొహాచ్‌ను తలచుకుంటారు.

1529లో సులేమాను వియన్నా నగరాన్ని ముట్టడించాడు. ఆ ఏడాది ఎడతెగని వానలు. బరువైన ఫిరంగులు బురదలో కూరుకుపోయి దారిలోనే ఆగిపోయాయి. సెప్టెంబరు చివరకు గాని సైన్యం చేరలేదు. మూడు వారాలు తిరగకుండానే అక్టోబరు మధ్యలో వెనుదిరగవలసి వచ్చింది. 1532లో మళ్లీ బయలుదేరాడు. గూన్స్ అనే చిన్న ఊరి కోటలో నికోలా యురిషిచ్ నాయకత్వాన కొద్ది వందలమంది అతడిని ఆగస్టు నెలంతా ఆపేశారు. సులేమాను శక్తికి హద్దు ఎక్కడో అక్కడ తెలిసింది. ఇస్తాంబులు నుండి వసంతంలో కదిలిన సైన్యం చలికాలం లోపల తిరిగి వెళ్లాలి. ఆ లెక్కలో వియన్నా దాటి పోవడం సాధ్యం కాలేదు.

ఇక్కడ మన ఇంటి సంగతి కూడా దాచకుండా చెప్పుకోవాలి. సులేమాను ఇంత దూరం రావడానికి అతడి బలం ఒక్కటే కారణం కాదు. క్రైస్తవ రాజుల కలహం కూడా కారణం. చక్రవర్తి ఐదవ చార్లెసు, ఫ్రాన్సు రాజు మొదటి ఫ్రాన్సిసు బద్ధశత్రువులు. చార్లెసు మీద పగతో ఫ్రాన్సు రాజు సులేమానుతో చేతులు కలిపాడు. 1543లో ఈ ఇద్దరి ఓడలూ కలిసి నీసు నగరాన్ని ముట్టడించాయి. ఆ చలికాలమంతా తురుష్క నౌకాదళం ఫ్రాన్సులోని తూలోను రేవులోనే విడిది చేసింది. మరోవంక జర్మనీలో లూథరు వల్ల శ్రీసభ చీలిపోతోంది. తురుష్కుల మీద యుద్ధానికి లూథరు పక్షపు రాజుల సహాయం కావాలి కనుక, 1532లో న్యూరెంబర్గులో చార్లెసు వారితో తాత్కాలిక శాంతికి ఒప్పుకున్నాడు. ఇస్తాంబులులో కూర్చున్న సుల్తాను తనకు తెలియకుండానే ఐరోపాలో ప్రొటెస్టెంటు సంఘాలకు ఊపిరి పోశాడు.

ఆ 1532 దండయాత్రలోనే అతడి ప్రధానమంత్రి ఇబ్రహీం పాషా వెనిసు నగరపు కంసాలులచేత ఒక బంగారు శిరస్త్రాణం చేయించాడు. పోపుగారి కిరీటానికి మూడు అంతస్తులుంటే దీనికి నాలుగు. దానిని దారి పొడుగునా ఊరేగించి రాయబారులకు చూపించారు. ఎవరి కళ్లకోసమో మీరు ఊహించగలరు.

సులేమాను కన్ను మన దేశం మీద కూడా పడింది. హిందూ మహాసముద్రపు వ్యాపారాన్ని పోర్చుగీసువారు గుప్పిట పెట్టుకోవడం అతడికి నచ్చలేదు. 1538లో సూయెజు నుండి బయలుదేరిన అతడి నౌకాదళం గుజరాతులోని డయ్యూ కోటను ముట్టడించింది. కోట లొంగలేదు. ఓడలు తిరిగి వెళ్లిపోయాయి. అదే ఏడాది మధ్యధరా సముద్రంలో మాత్రం అతడి నౌకాధిపతి హైరెద్దీను బార్బరోసా ప్రెవేజా వద్ద క్రైస్తవ రాజ్యాల ఓడలను ఓడించాడు. తూర్పున బాగ్దాదు 1534లోనే అతడి వశమైంది. ఆ విధంగా బుడా నగరం మొదలు బాగ్దాదు వరకు, క్రిమియా మొదలు ఈజిప్టు వరకు అతడి మాట చెల్లింది.

అంత పెద్ద రాజ్యాన్ని కత్తితో గెలవవచ్చు, కత్తితో నడపలేరు. సులేమాను గొప్పతనమంతా ఆ నడపడంలో ఉంది. మహమ్మదీయ ధర్మశాస్త్రానికి తోడుగా సుల్తానులు చేసే చట్టాన్ని కానూను అనేవారు. తరతరాలుగా చెల్లాచెదురుగా ఉన్న కానూనులను అతడు ఒక క్రమంలో పెట్టించాడు. ఎబుస్సూదు అనే మహా న్యాయపండితుడు దానిని ధర్మశాస్త్రంతో సమన్వయం చేశాడు. ఏ జిల్లాలో రైతు ఎంత పన్ను కట్టాలి, ఏ నేరానికి ఎంత జరిమానా అన్నది పుస్తకాలకెక్కింది. రాసిన దానికి మించి ఉద్యోగి వసూలు చేస్తే రైతు ఖాజీ దగ్గరకు వెళ్లవచ్చు. అక్కడ జరగకపోతే రాజధానికే అర్జీ పెట్టుకోవచ్చు. అర్జీ పట్టుకుని కచేరీల చుట్టూ తిరిగిన అనుభవం ఉన్నవారికి ఇది ఎంత పెద్ద సంగతో వేరే చెప్పనక్కరలేదు.

ఆ రాజ్యంలో క్రైస్తవులు, యూదులు తలపన్ను కట్టి తమ మతంలో ఉండవచ్చు. తమ గురువుల కింద తమ ఆచారాలు నడుపుకోవచ్చు. సమానత్వం లేదు, కాని బతుకు ఉంది. 1556లో ఇటలీలోని అంకోనా రేవులో యూదులను బంధించి కొందరిని కాల్చి చంపినప్పుడు, తన ప్రజలైన యూదులను విడిచిపెట్టమని పోపుగారికి జాబు రాసినవాడు ఈ సులేమానే. ఆ సంగతి చదివితే మనకు కొంచెం తల వంగుతుంది. వంగడం మంచిదే.

ఈ న్యాయానికి చీకటి వైపు కూడా ఉంది. బాల్కను గ్రామాల్లోని క్రైస్తవ కుటుంబాల నుండి మగపిల్లలను పన్నుగా తీసుకుపోయేవారు. దానికి దెవ్‌షిర్మే అని పేరు. ఆ పిల్లలను మతం మార్చి, చదువు చెప్పి, సైనికులుగా, మంత్రులుగా తయారుచేసేవారు. వారిలో తెలివైనవాడు ప్రధానమంత్రి కూడా కావచ్చు. అయ్యారు కూడా. కాని బిడ్డను పోగొట్టుకున్న తల్లికి ఆ పదవి ఏం ఓదార్పు? బోస్నియాలోని ఒక సెర్బు కుటుంబం నుండి అలా వెళ్లినవాడే సొకొల్లు మెహమెదు పాషా. అతడు మంత్రి అయ్యాక 1557లో పెచ్ నగరంలో మూతపడిన సెర్బు క్రైస్తవుల మహాపీఠాన్ని మళ్లీ తెరిపించాడు. దాని మీద కూర్చున్న మకారియె గారు అతడి బంధువే. మతం మారిన బిడ్డ కన్నవారిని మరచిపోలేదని దీనివల్ల తెలుస్తుంది.

యెరూషలేము వెళ్లివచ్చిన యాత్రికులు మీ విచారణలో ఉంటే అడిగి చూడండి. పాత నగరం చుట్టూ ఈనాడు నిలిచి ఉన్న రాతిగోడ ఎవరిదని. దావీదుది కాదు, హేరోదుది కాదు. 1537 ప్రాంతం నుండి 1541 వరకు సులేమాను కట్టించినది. నాలుగు కిలోమీటర్ల పొడవుగల ఆ గోడ ద్వారాల గుండానే నేటికీ లోకమంతటి క్రైస్తవులు ప్రభువు సమాధిని దర్శించడానికి వెళుతున్నారు. అయితే అదే సులేమాను కాలంలో, ప్రభువు కడరాత్రి భోజనం చేసిన స్థలంగా మనం గౌరవించే మేడగది మసీదుగా మారింది. దానిని కనిపెట్టుకుని ఉన్న ఫ్రాన్సిస్కను సభ సన్యాసులు 1551 నాటికి అక్కడినుండి వెళ్లగొట్టబడ్డారు. గోడ కట్టిన చేయీ, గది లాక్కున్న చేయీ ఒక్కటే. చరిత్రలో మనుషులు ఇలాగే ఉంటారు.

ఇస్తాంబులులో అతడి పేరు మీద 1550 నుండి 1557 వరకు మహా శిల్పి సినాను కట్టిన మసీదు నేటికీ ఆ నగరానికి తలమానికం. దాని చుట్టూ పాఠశాలలు, ఆసుపత్రి, బీదలకు అన్నం పెట్టే వంటశాల కట్టారు. ఆ సినాను కూడా దెవ్‌షిర్మేలో వచ్చిన క్రైస్తవ బాలుడే.

ఇక ఇంటి సంగతి.

సులేమానుకు మహిదేవ్రాను వల్ల 1515లో ముస్తఫా పుట్టాడు. తరువాత అంతఃపురానికి ఒక బానిస పిల్ల వచ్చింది. ఇప్పటి ఉక్రెయిన్ ప్రాంతంలో తార్తారులు ఎత్తుకొచ్చిన క్రైస్తవ బాలిక. ఒక గురువు కూతురని చెబుతారు. ఐరోపా వారు రొక్సెలానా అన్నారు. అంతఃపురంలో హుర్రెం అన్నారు. సుల్తానులు బానిస స్త్రీలను పెళ్లాడే ఆచారం చాలాకాలంగా లేదు. సులేమాను ఆ ఆచారాన్ని కాదని ఆమెను విడుదల చేసి శాస్త్రోక్తంగా పెళ్లి చేసుకున్నాడు. ఇతర స్త్రీలను వదలి ఆమెతోనే కాపురం చేశాడు. మారుపేరుతో ఆమెకోసం పద్యాలు రాశాడు. ఆమె 1552లో యెరూషలేములో పెట్టించిన అన్నసత్రం తరతరాల బీదలకు కడుపు నింపింది. ఆమెకు మెహమెదు, సెలీము, బయజీదు, జహంగీరు అనే కొడుకులు, మిహ్రిమా అనే కూతురు పెరిగారు.

కాని ఆ తల్లి గుండెలో నిప్పు ఉండనే ఉంది. ముస్తఫా సుల్తాను అయితే చట్టం ప్రకారం తన కొడుకులందరూ చావాలి. ముస్తఫా తల్లికీ అదే భయం. ఇద్దరు తల్లులూ దుర్మార్గులు కానక్కరలేదు. ఆ చట్టం చాలు, వారిని శత్రువులుగా చేయడానికి.

మొదట పోయినవాడు స్నేహితుడు. ఇబ్రహీం పాషా యౌవనం నుండి సులేమానుకు ప్రాణమిత్రుడు. పార్గా అనే ఊళ్లో పుట్టిన క్రైస్తవుడు, బానిసగా వచ్చి 1523లో ప్రధానమంత్రి అయ్యాడు. 13 ఏళ్లు రాజ్యభారం మోశాడు. అధికారంతో పాటు గర్వమూ పెరిగింది, శత్రువులూ పెరిగారు. 1536 మార్చిలో ఒక రాత్రి సుల్తానుతో భోజనం చేసి రాజభవనంలోనే పడుకున్నాడు. తెల్లారేసరికి గొంతు బిగించి చంపబడ్డాడు. విచారణ లేదు, వాదన లేదు. పన్ను కట్టే రైతుకు దొరికిన ఖాజీ ప్రధానమంత్రికి దొరకలేదు.

1543లో హుర్రెం పెద్దకొడుకు మెహమెదు జబ్బుచేసి చనిపోయాడు. అప్పటికి అందరి కళ్లూ ముస్తఫా మీదనే. అతడు చదువుకున్నవాడు, ఉదారుడు. సైనికులకు అతడంటే ప్రాణం. తండ్రికి వయస్సు మీదపడుతోంది, కీళ్లవాతం పీడిస్తోంది. ముసలి సుల్తాను యుద్ధానికి రావడం లేదు, యువరాజే నయమని బారకుల్లో గుసగుసలు బయలుదేరాయి. తన తండ్రి సెలీము కన్నతండ్రిని ఎలా దించాడో సులేమానుకు తెలియనిది కాదు. అప్పటి ప్రధానమంత్రి రుస్తుం పాషా హుర్రెం అల్లుడు. ముస్తఫా తిరుగుబాటుకు సిద్ధమౌతున్నాడని అతడి ద్వారా కబురు వచ్చింది. అందులో ఎవరి కుట్ర ఎంత, నిజమెంత అన్నదాని మీద చరిత్రకారులు ఈనాటికీ వాదించుకుంటున్నారు. చెప్పుడు మాటలు చేటు అన్న సామెత సుల్తాను డేరాలోనూ నిజమే.

1553లో పర్షియా మీద యుద్ధానికి వెళుతూ సులేమాను ఎరెగ్లి దగ్గర విడిది చేసి కొడుకును రమ్మన్నాడు. వెళ్లవద్దని ముస్తఫా మనుషులు బతిమాలారంటారు. తాను తప్పు చేయలేదు కనుక తండ్రిని చూడడానికి భయమెందుకని అతడు బయలుదేరాడంటారు. అక్టోబరు 6న ఆయుధాలు బయట విడిచి తండ్రి డేరాలో అడుగుపెట్టాడు. లోపల ఎదురుచూస్తున్నది తండ్రి కౌగిలి కాదు, మూగ తలారులు. పెనుగులాడాడు. చివరకు వింటినారితో గొంతు బిగించారు. మృతదేహాన్ని డేరా ముందు పరిచిన తివాచీ మీద సైన్యానికి చూపించారు. అతడి వయస్సు 38. బూర్సాలో ఉన్న అతడి చిన్నకొడుకును కూడా బతకనివ్వలేదు. సైనికులు ఆ పూట అన్నం ముట్టలేదంటారు. వారిని చల్లార్చడానికి సుల్తాను రుస్తుంను పదవి నుండి తీసేశాడు. రెండేళ్లకు మళ్లీ పిలిచి కూర్చోబెట్టాడు.

జహంగీరు పుట్టుకతో వెన్ను వంగిన బిడ్డ. సవతి అన్న ముస్తఫా అంటే ఎంతో ఇష్టం. ఆ దుఃఖంతోనే కొద్ది వారాల్లో అలెప్పోలో చనిపోయాడని ఆనాటివారు నమ్మారు. 1558లో హుర్రెం కన్నుమూసింది. తాను భయపడినది చివరకు తన కొడుకుల మధ్యనే జరుగుతుందని చూడకుండానే వెళ్లిపోయింది. 1559లో సెలీము, బయజీదు కొన్యా దగ్గర సైన్యాలతో తలపడ్డారు. ఒక తల్లి బిడ్డలే. తండ్రి సెలీము వైపు నిలిచాడు. ఓడిన బయజీదు కొడుకులతో పర్షియాకు పారిపోయాడు. సులేమాను షాకు బంగారం పంపి వారిని కొన్నాడు. 1561లో బయజీదును, అతడి నలుగురు కొడుకులను అక్కడే చంపించారు. బూర్సాలో మిగిలిన పసివాడిని కూడా వదలలేదు. వారంతా ఆ ముసలివాడికి మనవలు.

ఇక్కడ మీకు దావీదు రాజు గుర్తుకు రావచ్చు. అబ్షాలోము నిజంగానే తండ్రి మీద తిరగబడ్డాడు. అయినా ఆ కుర్రవాడిని బతకనివ్వమని దావీదు సేనానులను వేడుకున్నాడు, చచ్చాడని విని కోట గుమ్మం మీది గదిలోకి ఎక్కి వెక్కివెక్కి ఏడ్చాడు. దావీదు పాపి అయినా తండ్రిగా మిగిలాడు. సులేమాను రాజుగా మాత్రమే మిగిలాడు.

1565లో సులేమాను సైన్యం మాల్టా ద్వీపం మీద పడింది. రోడ్సు నుండి క్షేమంగా వెళ్లిన ఆ యోధులు 1530 నుండి అక్కడ ఉంటున్నారు. వారి పెద్ద ఇప్పుడు లా వలెట్టు. 42 ఏళ్ల క్రితం సుల్తాను దయతో ఓడ ఎక్కిన అదే మనిషి. ఎండాకాలమంతా ముట్టడి సాగింది. జూన్ 23న సెయింట్ ఎల్మో కోట పడిపోయినా మిగిలినవి లొంగలేదు. సహాయ సైన్యం వచ్చాక సెప్టెంబరులో తురుష్కులు ఓడలెక్కారు. మరియమాత జన్మదినమైన సెప్టెంబరు 8న మాల్టా ప్రజలు నేటికీ ఆ విడుదలను పండుగ చేసుకుంటారు. రోడ్సులో చూపిన దయ వల్లనే మాల్టాలో ఓడాడని కొందరు రాజనీతిజ్ఞులు సులేమానును ఎగతాళి చేస్తారు. నేను ఒప్పుకోను. అతడి జీవితంలో తిరిగి చూసుకుని సిగ్గుపడనక్కరలేని పనులు లెక్కిస్తే, రోడ్సు రేవులో ఆ ఓడలను పోనిచ్చిన రోజు వాటిలో ఒకటి.

1566లో 71 ఏళ్ల వయస్సులో ఆఖరిసారి హంగేరీకి బయలుదేరాడు. గుర్రం ఎక్కలేక బండిలో పడుకుని వెళ్లాడు. సిగెత్వార్ కోటను నికోలా జ్రిన్‌స్కీ మొండిగా కాపాడుతుండగా, సెప్టెంబరు 7 తెల్లవారేలోపు తన డేరాలో సులేమాను ప్రాణం పోయింది. ఒకటి రెండు రోజుల్లో కోట పడింది గాని చూడడానికి అతడు లేడు. సొకొల్లు మెహమెదు పాషా ఆ చావును 48 రోజులు దాచిపెట్టాడు. చనిపోయిన రాజు పేరు మీద హుకుములు వెళుతూనే ఉన్నాయి. మూడు ఖండాలను ఏలినవాడి చావుకు ఆ రోజు బహిరంగంగా ఏడ్చే హక్కు కూడా ఎవరికీ లేకపోయింది.

గద్దె ఎక్కినవాడు సెలీము. ఉన్న కొడుకుల్లో యోగ్యుడని కాదు, మిగిలినవాడు అతడొక్కడేనని. తాగుడుకు పేరుపడ్డ ఆ రెండవ సెలీము కాలంలోనే లెపాంతోలో ఆ నౌకాదళం ఓడింది. చట్టం మాత్రం బతికే ఉంది. 1595లో సులేమాను మునిమనవడు గద్దె ఎక్కిన రోజున అతడి తమ్ములు 19 మంది శవపేటికలు రాజభవనం నుండి బయటకు వచ్చాయి. వారిలో చంటిపిల్లలున్నారు.

ప్రియ పాఠకులారా, సులేమాను అన్యాయస్థుడని తేల్చేసి ఊరుకోవడం సులభం. కాని అతడు నిజంగా న్యాయం కోరినవాడు. రైతు మొర విన్నాడు. ఓడినవారిని గౌరవించాడు. తప్పు ఎక్కడ జరిగింది? చట్టం అంటే అందరి మేలు కోసం బుద్ధి చేసే శాసనమని పునీత తోమా అక్వీనాసు వారు బోధించారు. బుద్ధిని విడిచిన చట్టానికి చట్టమన్న పేరు మాత్రమే మిగులుతుంది, లోపల ఉండేది బలాత్కారమే. పన్నుల కానూనును దిద్దిన సులేమాను, అన్నదమ్ములను చంపే కానూనును దిద్దడానికి చేయి ఎత్తలేదు. దాని అవసరం తనకు పడలేదు కనుక అది ఉందన్న సంగతి పట్టించుకోలేదు. అది 33 ఏళ్లు ఓపికగా కాచుకుని కూర్చుని, అతడి పెద్దకొడుకును డేరాలోకి పిలిచింది.

మన ఇళ్లల్లో గద్దెలు లేవు, వింటినారులు లేవు. ఎకరం పొలం ఉంటుంది, నాన్నగారు కట్టిన ఇల్లు ఉంటుంది, ఒక కొడుకు మీద మరొక కొడుకు చెప్పే మాట ఉంటుంది. ఊళ్లో పదిమంది తగవులు తీర్చే పెద్దమనిషి తన కొడుకు మీద వచ్చిన మాటను మాత్రం రెండో వైపు వినకుండానే నమ్మేయడం మీరు చూడలేదా? పదిమందికి ఇచ్చే న్యాయంలో మొదటి మెట్టు, ఎదుటివాడిని పిలిచి అడగడం. ఆ మెట్టు మన ఇంటి గడపలో కూడా ఉండాలి. ముస్తఫా పిలిస్తే వచ్చాడు. అడిగితే చెప్పేవాడు. అడిగినవారే లేకపోయారు.

ఈ వారంలో మీ ఇంట్లో ఎవరితోనైనా మాట ఆగిపోయి ఉంటే, ఒకసారి పిలిచి అడగండి.